పిక్కల కింద అరవై

జ్ఞానానందం నిచ్చెనెక్కి తన ముఖాన్ని తనే విప్పుతున్నాడు.

పెద బొడ్డేపల్లి మలుపులో, టీ కొట్టు పక్కన, రెండు వెదురు బొంగుల మధ్య కట్టిన ఫ్లెక్సు అది. ఒక మూల తాడు తెగి సగం మడతపడింది. ఒక కన్నూ, సగం మీసమూ రోడ్డున పోయేవాళ్ళని చూస్తున్నాయి. మీసం పక్కన మనిషి తలకాయంత ఎర్రటి అంకెలు: 60. ఆ కింద, "అరువది సంవత్సరములు కాచి కాపాడిన దేవునికి స్తోత్రములు. ఇట్లు, పురుషుల సహవాసము మరియు యౌవనస్థులు."

కరుణకుమారి కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది. ఎనిమిది కూడా కాలేదు, అప్పుడే మార్చి ఎండ మెడ మీద కొడుతోంది.

"దిగండి ముందు. అరవయ్యేళ్ళు వొచ్చీసిన మనిషి నిచ్చెనెక్కడమేటండీ?"

"యాభై ఏడు," అన్నాడు జ్ఞానానందం పైనుంచి, పళ్ళతో తాడు ముడి లాగుతూ. "సాయంత్రం నాలుగ్గంటల దాకా యాభై ఏడనే అను. నోటికి అలవాటవ్వాల."

టీ కొట్టు బుజ్జిబాబు గ్లాసులు కడుగుతూ తల బయటికి పెట్టాడు. "ఏటి ఆపరేటరుగోరూ, మొన్న ఆదోరమే కదండీ కట్టేరు! అప్పుడే విప్పేత్తన్నారేటి? నా కొట్టుకి నీడగా ఉన్నాది, ఇంకో వారం ఒగ్గీయండి."

"గాలికి సిరిగిపోతంది బాబూ."

గాలి లేదు. ఆకు కదలడం లేదు.

కరుణ తలెత్తి చూసింది. మొగుడి చెవులు ఎర్రగా కందిపోయాయి. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమెకి ఖాయంగా తెలిసిన సంగతుల్లో ఇదొకటి. ఈయన అబద్ధం ఆడితే నోటికన్నా ముందు చెవులు చెబుతాయి. అందుకే ఆయన అబద్ధాలు ఆడడు. భక్తి సంగతి దేవుడికి తెలియాలి గానీ, చెవుల భయం మాత్రం గట్టిగా ఉంది.

ఇదంతా నిన్న వచ్చిన ఒక కాగితం చేసిన పని.

ఇరవైమూడేళ్ళుగా జ్ఞానానందం ఊరి చివర జీడిపిక్కల ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. కుక్కర్లో పిక్కలకి ఆవిరి ఎంతసేపు పట్టాలో ఆయన ముక్కు చెబుతుంది. తక్కువైతే పెంకు వదలదు. ఎక్కువైతే పప్పు ఎర్రబారిపోతుంది. గడియారం పెట్టుకుని చేసేవాళ్ళు వచ్చారు, పోయారు. ముక్కు పెట్టుకుని చేసేవాడు ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ కాంట్రాక్టే.

కాంట్రాక్టు అంటే పుస్తకాల్లో ఏమని రాసి ఉంటుందో గానీ, జ్ఞానానందానికి తెలిసిన అర్థం వెనక గేటు. పర్మనెంటు వాళ్ళు ముందు గేటులో కార్డు చూపించి వెళతారు. కాంట్రాక్టు వాళ్ళు బూడిద ట్రాక్టర్లు పోయే వెనక గేటులో రేకు టోకెను చూపించి వెళతారు.

ఏటేటా మార్చి ముప్పై ఒకటిన కాంట్రాక్టరు మత్స్యరాజు ఆ టోకెను వెనక్కి తీసుకుంటాడు. ఏప్రిల్ రెండున మళ్ళీ ఇస్తాడు. మధ్యలో ఒకటో తారీఖు బ్రేకు. ఆ ఒక్క రోజూ జ్ఞానానందం ఫ్యాక్టరీ మనిషి కాదు. కాకపోయినా బాయిలర్ దగ్గరే ఉంటాడు, ఎందుకంటే ఆయన రాకపోతే ఆ గొట్టం పొగ వదలదు. టోకెను లేకుండా, సంతకం లేకుండా పనిచేసి, మర్నాడు పొద్దున్న కొత్తగా చేరతాడు. మనిషి పనిచేసిన రోజుని మింగేసి మూతి తుడుచుకోవడాన్ని మర్యాదగా బ్రేకు అంటారు, అంతే.

అలాంటి ఫ్యాక్టరీ నిన్న పర్మనెంట్ అని రాసి పంపింది. వయసు రుజువు పట్టుకుని, నామినీగా భార్యని వెంటబెట్టుకుని ఇవాళ నాలుగు గంటలకి రమ్మంది. రిటైర్మెంటు అరవైకి అంది.

మొన్న ఆదివారమే జ్ఞానానందం చర్చిలో కేకు కోసి, మైకులో సాక్ష్యం చెప్పి, ఊళ్ళో మూడుచోట్ల ఫ్లెక్సులెక్కి, ఆ అరవై పూర్తిచేసుకున్నాడు.

&nbsp;

ఇంటికొచ్చేసరికి కూతురు జెన్నీ అరుగు మీద కూర్చుని ఆ ఆర్డరు చదువుతోంది. యలమంచిలిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. మొదటి బస్సు పట్టుకుని వచ్చింది, చెప్పులు కూడా విప్పలేదు. ముక్కు తండ్రిది. కళ్ళు తల్లివి. ఆ నోరు ఎవరిదో ఇంట్లో ఇంకా తేలలేదు.

"నాన్నా, ఇది చదివేవా?"

"సదివేను."

"మొత్తం?"

"పర్మనెంట్ అన్న కాడికి సదివేను."

"ఆ కింద చదువు. ‘కాంట్రాక్టు పనికి రాజీనామా ఇచ్చిన పిమ్మట’ అంట. ముందు ఉన్న పని వదిలీయాలి, తర్వాత ఇది ఇస్తారు. రేపు ఎవడో నీ ఫ్లెక్సు ఫోటో ఆఫీసులో చూపించేడనుకో. అరవై నిండిపోయాయి, దయచెయ్యండి అంటారు. ఇదీ పోతాది, అదీ పోతాది."

"అందుకే కదే విప్పుకుని వొచ్చేం," అంది కరుణ, చుట్టిన ఫ్లెక్సుని మంచం కిందకి తోస్తూ. ఒక కొస తెరుచుకుని మొగుడి నుదురు బయటికొచ్చింది. అరచేత్తో లోపలికి నెట్టింది. చర్చి గోడకి కట్టినది అప్పటికే అక్కడ ఉంది.

"మరి మూడోది?"

మూడోది ఫ్యాక్టరీ రోడ్డు మొదట్లో కట్టారు. తెల్లారుతూనే జ్ఞానానందం సైకిలు మీద అక్కడికే ముందు వెళ్ళాడు. బొంగులున్నాయి, తాళ్ళున్నాయి, తను లేడు.

మంచం మీద రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి బడి టీసీ. ఒకటి బాప్తిస్మ పత్రం. రెంటికీ మూడేళ్ళ తేడా.

తప్పు ఎవరిదీ కాదు. ఎనిమిదేళ్ళు వచ్చేదాకా జ్ఞానానందం రావికమతం పొలాల్లో గేదెలు కాశాడు. మిషన్ బడిలో వేసినప్పుడు, ఒకటో తరగతి వాడంటే ఐదేళ్ళే ఉండాలి గనక హెడ్మాస్టరు ఐదనే రాసేశాడు. చర్చి పుస్తకంలో మాత్రం పుట్టిన నెలకే ఎక్కించిన తేదీ ఉంది. అప్పటినుంచీ ఆయనకి బడికో వయసు, దేవుడికో వయసు. యాభై ఏళ్ళకి పైగా ఆ రెండూ ఎదురుపడలేదు. కాంట్రాక్టు పనిలో ఎదురుపడే అవసరం ఎక్కడిది? అక్కడ నీకెన్నేళ్ళని అడిగిన నాథుడు లేడు.

"టీసీయే చెల్లుతాది," అంది కరుణ. "ఎక్కడికెళ్ళినా టీసీయే చూస్తారు. అందులో దొంగతనమేటుంది?"

జ్ఞానానందం తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. ఆదివారం చొక్కా అది. "టీసీ ఇవ్వడానికి నాకేటీ లేదే. కింద ఒక ముక్క ఉంటాది కదా, ‘పై వివరములు నా ఎరుకలో సత్యము’ అని. నా ఎరుకలో సత్యమేటో నేను మొన్ననే మైకులో సెప్పీసేను. అయ్యగారు చేతులెత్తి ఆమేన్ కూడా అనీసేరు."

ఇస్త్రీపెట్టె చొక్కా మీద నడుస్తోంది. కాలర్ దగ్గర ఆగింది. మళ్ళీ నడిచింది. జ్ఞానానందం మాటల్లేకుండా ఒక ఆరాధన పాట రాగం తీస్తున్నాడు. ఇంట్లో గొడవ ముదిరే ముందు ఆయన ఎప్పుడూ చేసే పని అదే.

గొడవ ముదిరింది.

"సంతకం పెట్టకు నాన్నా," అంది జెన్నీ. "పెడితే ఇరవైమూడేళ్ళూ కలిపి ఇమ్మని అడుగు. ఇప్పుడు నీకు మూడేళ్ళ పర్మనెంట్ పడేసి, అవి అయిపోగానే చేతులు దులుపుకుంటారు. అంతకుముందు నువ్వు చేసిందంతా గాలికి పోతాది."

"అడుగుతాడే, ఎందుకడగడు!" కరుణ గొంతు లేచింది. "అడిగితే ఉన్నదీ ఊడుతాది. నీకు కాళ్ళున్నాయి, ఈ ఆస్పత్రి కాపోతే ఇంకో ఆస్పత్రి. ఈయనకేటున్నాది? మత్స్యరాజు ఓపికున్నన్నాళ్ళూ చెయ్యమంటాడు. ఓపిక లేని రోజున? ఆ రోజు మనం ఎవర్నడగాలి? మూడేళ్ళే అవనీ. మూడేళ్ళు ఆ ముందు గేటులోంచి నడవనీ మీ నాన్నని. ఇరవైమూడేళ్ళు బూడిదలో నడిచేడు, ఏనాడైనా నోరిప్పి అడిగేడా?"

"గేటు కోసం సంతకం పెడతాడా?"

"గేటు కోసం కాదే," అన్నాడు జ్ఞానానందం.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. ఆయన చొక్కా మడత పెడుతున్నాడు. తల ఎత్తలేదు.

"పర్మనెంట్ అయితే ఈఎస్ఐ కార్డిస్తారంట. ఇంటిదానికి కూడా వర్తిస్తాది. మీ అమ్మ మోకాళ్ళు మెట్ల మీద సప్పుడు సేస్తన్నాయి. నాకు వినబడదనుకుంటాది."

నిన్నటినుంచీ కరుణ ఆయన గేటు కోసం కొట్లాడుతోంది. ఆయన ఆమె మోకాళ్ళ కోసం చెవులు ఎర్రజేసుకుంటున్నాడు. ఈ సంగతి ఇద్దర్లో ఒక్కరైనా ముందే చెప్పుకుని ఉంటే నిచ్చెన ఎక్కే పని ఉండేది కాదేమో. ఉండేదేమో. ఏమైనా ఆమెకి ఒళ్ళు మండింది.

"నా మోకాళ్ళు మిమ్మల్ని అడిగాయా? దేవుడి ముందు ఒక వయసు, దొరల ముందు ఒక వయసు చెప్పమని నా మోకాళ్ళు చెప్పాయా?"

"మరి నా గేటు నిన్నడిగిందా?"

జెన్నీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కోపంగానే చూసింది, కానీ పెదవి కొస వణికింది.

"నాన్నా, కాయితం మీద నీకెన్నేళ్ళో తెలుసా? అరవై కాదు. యాభై ఏడూ కాదు. పోయిన ఏప్రిల్ రెండున చేరేవు. ఇప్పుడు మార్చి. కంపెనీకి నువ్వు పదకొండు నెలల పిల్లోడివి. ఏటేటా ఏప్రిల్లో పుడతావు, మార్చిలో చచ్చిపోతావు."

"ఛీ, ఆ మాటలేటే!" అంది కరుణ. అంటూనే నవ్వు ఆపుకోలేకపోయింది. జ్ఞానానందం కూడా నవ్వాడు. పొట్ట పట్టుకుని, ఇస్త్రీ చేసిన చొక్కా నలిపేసి మరీ నవ్వాడు. "పదకొండు నెలలోడికి మీసాలేటే మరి! అయితే నన్నెత్తుకెళ్ళండి సాయంత్రం," అన్నాడు.

నవ్వు అయిపోయింది. మూడో ఫ్లెక్సు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం కరుణ పక్కింటి లోవమ్మకి ఫోను చేసింది. లోవమ్మ అదే ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే కట్టింగు సెక్షనులో పదిహేనేళ్ళ కాంట్రాక్టు. "ఫ్లెక్సు ఎవరైనా పట్టుకెళ్ళినట్టు విన్నావేటి లోవా? ఆ అరవై గానీ ఆఫీసోళ్ళ కంటబడితే మీ అన్నయ్య పని అయిపోతాది," అంది.

అవతల లోవమ్మ, "ఓలమ్మో!" అని ఫోను పెట్టేసింది.

&nbsp;

నాలుగుకి పది నిమిషాల ముందు ఆటో ఫ్యాక్టరీ దగ్గర ఆగింది. జ్ఞానానందం దిగీ దిగగానే అలవాటు కొద్దీ వెనక గేటు వైపు నడిచాడు. పది అడుగులు పోయాక కరుణ చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇటండీ. ఈయాల ఇటు."

ముందు గేటు వాచ్‌మన్ కాగితం చూసి, మనిషిని చూసి, మళ్ళీ కాగితం చూశాడు. "నువ్వా ఆపరేటరూ! ఎల్లెల్లు," అని గొలుసు దించాడు. జ్ఞానానందం ఆ గొలుసు దాటేటప్పుడు, కింద పడి ఉన్న దాన్ని కూడా, చర్చి గుమ్మం దాటినట్టు కాలు ఎత్తి దాటాడు. కరుణ అది చూసింది. చూడనట్టు కొంగు సర్దుకుంది.

ఆఫీసుకి ఎదురుగానే పిక్కలు ఆరబోసే సిమెంటు కళ్ళం. ఎండలో పచ్చి పిక్కలు బూడిదరంగు కుప్పలుగా ఉన్నాయి. ఒక కుప్ప దగ్గర లోవమ్మ చెక్క పార పట్టుకుని సిపాయిలా నిలబడింది.

"వొదినా! వొచ్చీసేరా? బేగెల్లండి. ఇటేపు సూడకండి."

సూడకండి అంటే చూడని మనిషి ఇంకా పుట్టలేదు. ఇద్దరూ చూశారు. కుప్ప కింద టార్పాలిన్‌లాంటిదేదో పరిచి ఉంది. ఒక అంచున రెండు నల్లబూట్లు బయటికి వచ్చాయి. కరుణ ఆ బూట్లని గుర్తుపట్టింది. ఫ్లెక్సు ఫోటో దిగిన రోజున ఆమే తుడిచింది.

"లోవా!"

"మాంచి మందం ఫ్లెక్సు వొదినా," అంది లోవమ్మ గొంతు తగ్గించి, పార ఆడిస్తూనే. "టార్పాలిను సిరిగిపోనాది. కొత్తదిమ్మంటే ఇవ్వరు, పిక్కలు తడిస్తే మాత్రం మమ్మల్ని తిడతారు. అందుకనీసి నేనూ సోమలమ్మా నిన్న తెచ్చీసినాం. మన అన్నయ్య మొకమే కదా, కాదంటాడేటి అని పరిసీసినాం. ఈ వొయసుల గొడవ మాకేటి తెలుసు? నువ్వు ఫోన్ సేసిన కాణ్ణించీ అంకెల మీద కుప్పెట్టి కాపలా కాత్తన్నాను. కూడు కూడా తినలేదు."

"నా మొకం మీద కూడా పోసేవేటే?" అన్నాడు జ్ఞానానందం.

"మొకం మీద పల్సగా పోసేను అన్నయ్యా. ఊపిరాడాల కదా."

ఆఫీసు తలుపు తెరుచుకుంది. పర్సనెల్ ఆఫీసరు వెంకటరమణ గుమ్మంలోకి వచ్చి, "రండి రండి, మీకోసమే చూస్తున్నా," అన్నాడు.

ముప్పై అయిదు దాటని కుర్రమనిషి. మర్యాదస్తుడు. కుర్చీలు చూపించాడు. జ్ఞానానందం కుర్చీ వైపు చూసి నిలబడే ఉన్నాడు. ఈ గదిలోకి ఆయన చాలాసార్లు వచ్చాడు గానీ ఎప్పుడూ కూర్చోలేదు. కరుణ ముందు కూర్చుని, పక్క కుర్చీని చేత్తో తట్టింది. అప్పుడు కూర్చున్నాడు, కొసన.

కుర్చీల ఎదురుగా పెద్ద కిటికీ. కిటికీలో కళ్ళం. కళ్ళంలో లోవమ్మ.

"మీరు అదృష్టవంతులండీ," అన్నాడు వెంకటరమణ ఫారం తీస్తూ. "నాది కూడా ఏడాదికోసారి రెన్యూవలే. ఇక్కడ అందరి ఫైళ్ళూ నా చేతిమీదుగానే పోతాయి, నాది తప్ప." నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తనే ఆపేశాడు.

పేరు రాశాడు. టీసీ చూసి పుట్టిన తేదీ రాశాడు. నామినీ దగ్గర ఆగాడు.

"నామినీ అంటే ఏటి బాబూ?" అంది కరుణ.

"ఆయనకి ఏదైనా అయితే రావాల్సినవి మీకు వస్తాయమ్మా."

"ఆయనకేటీ అవ్వకూడదు. అది రాయడానికి ఎక్కడైనా చోటుందా?"

వెంకటరమణ ఈసారి నిజంగా నవ్వాడు. జ్ఞానానందం భార్య వైపు చూసి కళ్ళు దించుకున్నాడు. కిటికీ బయట ఇద్దరు ఆడవాళ్ళు తట్టలతో వచ్చి లోవమ్మ కుప్పకి ఒక పక్కనుంచి పిక్కలు ఎత్తుతున్నారు. లోవమ్మ చేతులు తిప్పుతూ వాళ్ళకి పక్క కుప్ప చూపిస్తోంది. వాళ్ళు వినడం లేదు. ఆరినవి ఇవే, కుక్కర్లోకి పోవాల్సినవీ ఇవే.

"ఒకసారి చదువుకుని కింద సంతకం పెట్టండి," అంటూ వెంకటరమణ ఫారం తిప్పి పెట్టాడు.

జ్ఞానానందం బైబిలు చదివినట్టు వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. పేరు. తండ్రి పేరు. పుట్టిన తేదీ. అక్కడ చెవి కొసలు రంగు మారడం కరుణకి కనిపించింది. తండ్రీ, ఈ ఒక్కసారికి కాపాడు అనుకుంది. వేలు ముందుకి కదిలింది. పెన్ను మూత తీశాడు. ఇంకో వరస కిందకి దిగాడు.

వేలు ఆగిపోయింది.

"ఇదేటి సార్? ‘సంస్థలో గత సర్వీసు’ దగ్గర ‘లేదు’ అని ఉంది."

"ఫార్మాలిటీ అండీ. కాంట్రాక్టు సర్వీసుకీ మాకూ సంబంధం ఉండదు కదా. మీరు కొత్తగా చేరుతున్నట్టు."

"లేదు అంటే... నేను లేనా?"

"అలా కాదండీ."

"మరి ఆ బాయిలర్ దగ్గర ఇరవైమూడేళ్ళూ ఎవరున్నట్టు సార్?"

కోపంగా అడగలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు. పొద్దున్నుంచీ తన అబద్ధం ఒక్కటే మోస్తూ తిరిగిన మనిషికి, అదే కాగితం మీద దానికన్నా పెద్ద అబద్ధం ఇంకోటి కూర్చుని ఉందని ఇప్పుడే తెలిసింది.

వెంకటరమణ పెన్ను చేతిలో తిప్పాడు. "ఫారం పైనుంచి వస్తుంది, నేను మార్చలేను. ఐదింటికల్లా పంపాలి. సంతకం లేకపోతే పోస్టు బయటివాళ్ళకి పోతుంది. పర్మనెంట్ ఆపరేటర్ వచ్చాక ముప్పై ఒకటిన మత్స్యరాజుగారు తీసుకున్న టోకెను మళ్ళీ ఇస్తారా... నేను హామీ ఇవ్వలేనండీ."

కరుణ మనసులో అంటోంది, పెట్టెయ్యండి, పెట్టెయ్యండి, మూడేళ్ళు. పెన్ను కాగితం మీద ఆని ఉంది, చిన్న నీలం చుక్క పడింది. అది పెద్దదవుతోంది.

హఠాత్తుగా జ్ఞానానందం తల ఎత్తాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఆవిరెక్కువైపోతంది."

"ఏమిటండీ?"

"పిక్కలు. ఇంకో రెండు నిమిషాలుంటే పప్పంతా ఎర్రబారిపోతాది. వాల్వు ఎవరూ కట్టలేదు." పెన్ను బల్ల మీద పెట్టి లేచాడు. "ఇప్పుడే వొస్తాను కరుణా."

వెళ్ళిపోయాడు. ఆదివారం చొక్కాతో, బాయిలర్ వైపు, దాదాపు పరుగు.

వెంకటరమణ గాలి పీల్చి చూశాడు. "నాకేం వాసన రావట్లేదే."

"మీకు రాదు బాబూ," అంది కరుణ. "నాకూ రాదు."

ఒక నిమిషం గడిచింది. దూరంగా ఆవిరి బుస్సుమని వదిలిన చప్పుడు. తర్వాత ఎవరో తలుపు మీద తలుపు తెరుస్తున్న చప్పుళ్ళు. తర్వాత ఆయన గొంతు, ఇక్కడిదాకా వినబడేంత గట్టిగా: "సల్లారబెట్టండి! బేగి! ఇంకో తడవ పిక్కలు తెండి!"

పిక్కలు తెమ్మన్నాడు. కరుణ కిటికీ వైపు తిరిగింది.

కిటికీ బయట తట్టలవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఈసారి నలుగురు. లోవమ్మ కుప్పకి అడ్డంగా నిలబడింది, తర్వాత పక్కకి జరిగింది, తర్వాత పార కింద పెట్టేసి తల పట్టుకుంది. ముందు 6 బయటపడింది. తర్వాత సున్నాలో సగం. ఎర్రగా, ఎండలో మెరుస్తూ. దాని పక్కన జ్ఞానానందం పల్చటి పిక్కల కిందనుంచి ఆకాశం వైపు చూసి నవ్వుతున్నాడు.

వెంకటరమణ కూడా చూశాడు.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఏ కేక వేస్తాడో అని కరుణ కొంగు కొస పిడికిట్లో బిగించింది. అతను కేక వెయ్యలేదు. తెర లాగాడు. గది కొంచెం చీకటైంది. వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, నేనేమీ చూడలేదు." గొంతు తగ్గింది, మెత్తగా ఉంది. "మా నాన్నది కూడా టీసీ వయసే. మీ ఆయన మంచి మనిషి, ఆయన చేత నేనేమీ చెప్పించను. మీరు నామినీ. మీరు ఒక్క మాట చెప్పండి, చాలు. ఆయనకి యాభై ఏడేనా?"

ఔనంటే అయిపోతుంది. ఒక్క ఔను. కార్డు, గేటు, మూడేళ్ళు. ఆ మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. పొద్దున్నుంచీ ఆమె కూతురితో కొట్లాడింది ఆ మాట కోసమే. ఈ పిల్లాడు కూడా మంచివాడే, పాపం, తన ఫైలు తను పెట్టుకోలేనివాడు.

బల్ల మీద ఫారం ఉంది. నీలం చుక్క పక్కన ‘లేదు’ అని ఉంది. బాయిలర్ దగ్గరనుంచి, ఆ లేని మనిషి గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఎవరినో కేకలేస్తోంది, ఎవరినో మెచ్చుకుంటోంది.

కరుణకుమారి మోకాళ్ళ మీద చేతులు ఆన్చి నిటారుగా కూర్చుంది.

"చెప్తాను బాబూ. దేవుడి తోడు, నిజమే చెప్తాను. ముందు నువ్వు నాకొకటి చెప్పు." ఆమె వేలు ఫారం మీద ఆ మాట దగ్గర ఆనింది. "ఆయనకి ఇక్కడ ఇరవైమూడేళ్ళా, పదకొండు నెలలా? నువ్వేది నిజమంటే, నేనూ అలాంటి నిజమే చెప్తాను."

వెంకటరమణ నోరు తెరిచాడు. మాట ఇంకా బయటికి రాలేదు. చెవులు మాత్రం అప్పుడే ఎర్రబడుతున్నాయి.